పై వాటాకు నేల, కింది వాటాకు కప్పు: ఉదరవితానంలో పుట్టే కణితులకు శస్త్రచికిత్స

ఛాతీకీ పొట్టకీ నడుమ గుమ్మటంలా వంగి ఉండే పలుచని కండర పటలాన్ని మన పాఠ్యపుస్తకాలు ఉదరవితానం అంటాయి. విభాజక పటలం అన్న పేరు కూడా ఉంది, ఆసుపత్రుల్లో మాత్రం వైద్యులూ రోగులూ అందరూ డయాఫ్రం అనే అంటారు. వితానం అంటే చాందినీ. కాలేయం, జీర్ణాశయం, ప్లీహాల మీద కట్టిన చాందినీ అన్న ఊహలో అందముంది కానీ, శస్త్రవైద్యుడికి మాత్రం అది మేడ ఇంట్లో రెండు వాటాల మధ్య ఉండే శ్లాబులా కనిపిస్తుంది. గుండె, ఊపిరితిత్తులు ఉండే పై వాటాకు అదే నేల, జీర్ణావయవాలు ఉండే కింది వాటాకు అదే కప్పు. పైగా అది నిమిషానికి 12 నుంచి 20 సార్లు దిగి లేస్తూ, మనం ప్రశాంతంగా ఉన్నప్పుడు తీసుకునే శ్వాసలో సింహభాగం పనిని తానే చేస్తుంది. అక్కడ కణితి పుడితే అది ఏ వాటాకు చెందినదో తేల్చడం ఒక చిక్కు. కోసి తీశాక మిగిలిన ఖాళీని ఊపిరికి అడ్డు రాని విధంగా మళ్ళీ పూడ్చడం అంతకు మించిన చిక్కు. వీటి మధ్యలో ఉండే కోత, వినడానికి భయంగా ఉన్నా, చాలాసార్లు వీటికన్నా తేలికైన పని.

ఉదరవితానంలోనే మొదలయ్యే కణితులు చాలా అరుదు. 1868లో ఫ్రెంచి వైద్యుడు గ్రాంషే శవపరీక్షలో చూసి నమోదు చేసిన ఫైబ్రోమానే, అంటే తంతు గడ్డనే, ఈ వరుసలో మొదటిదిగా వైద్య సాహిత్యం చెబుతుంది. ఆ తర్వాత ఒకటిన్నర శతాబ్దం గడిచినా ప్రపంచమంతటా నమోదైనవి కొన్ని వందలకు మించవు. ఇంత అరుదైన జబ్బులో రోగులను రెండు జట్లుగా విడదీసి ఏ చికిత్స మేలో తేల్చే పెద్ద అధ్యయనాలు సాధ్యం కావు. కాబట్టి శస్త్రవైద్యుడు ఒక్కొక్క రోగి గురించి వెలువడిన నివేదికల మీద, ఒంట్లో మరోచోట పుట్టే అదే జాతి కణితుల అనుభవం మీద, ఉదరవితానపు హెర్నియాలనూ గాయాలనూ సరిచేస్తూ తరతరాలుగా కూడబెట్టుకున్న నేర్పు మీద ఆధారపడతాడు. ఈ వ్యాసంలో చెప్పే పద్ధతుల్లో చాలా భాగం అలా అరువు తెచ్చుకున్నవే.

నిరపాయకరమైన వాటిలో ఎక్కువగా కనిపించేది లైపోమా, అంటే కొవ్వు గడ్డ. తర్వాత చెప్పుకోవలసినవి తిత్తులు. పిండదశలో శ్వాసనాళపు మొగ్గ నుంచి దారి తప్పిన కణాలతో ఏర్పడే బ్రాంకోజెనిక్ తిత్తి, పొరలను కప్పే కణాల నుంచి వచ్చే మీసోథీలియల్ తిత్తి ఇందులోకి వస్తాయి. నాడి తొడుగులో పుట్టే ష్వానోమా కూడా అప్పుడప్పుడు కనిపిస్తుంది. ప్రమాదకరమైనవి దాదాపు అన్నీ సార్కోమా జాతివే, అంటే కండరం, కొవ్వు వంటి కణజాలంలో పుట్టే క్యాన్సర్లే, ఎందుకంటే ఈ పటలంలో ఉన్నది కండరం, తంతువులు, కొవ్వు, రక్తనాళాలు, నాడులు మాత్రమే. రొమ్ములోనో పేగులోనో ఉన్నట్టు గ్రంథులు ఇందులో లేవు. పిల్లల్లో రాబ్డోమయోసార్కోమా, పెద్దల్లో ఫైబ్రోసార్కోమా, లియోమయోసార్కోమా వంటివి కనిపిస్తాయి. ఈ రెండు వర్గాలకూ మధ్యస్థంగా ఉండే సాలిటరీ ఫైబ్రస్ ట్యూమర్ అనే కణితి ఊపిరితిత్తుల వైపు పొర మీద పుట్టి చాలా పెద్దదిగా పెరగగలదు. అది ఇన్సులిన్‌ను పోలిన పదార్థాన్ని స్రవించడం వల్ల చక్కెర జబ్బు లేని మనిషికి కూడా రక్తంలో చక్కెర పడిపోయి కళ్ళు తిరగడం ఎప్పుడో అరుదుగా జరుగుతుంది, కణితిని తీసేస్తే ఆ బాధా పోతుంది.

వీటికన్నా ఎన్నో రెట్లు ఎక్కువగా ఎదురయ్యేవి పక్క అవయవాల నుంచి పాకి వచ్చినవి. ఊపిరితిత్తి, ఊపిరితిత్తుల పొర, కాలేయం, జీర్ణాశయం, అన్నవాహిక, అధివృక్క గ్రంథి క్యాన్సర్లు నేరుగా అంటుకుంటాయి. అండాశయ క్యాన్సర్ పొట్టలోని ద్రవంతో కొట్టుకొచ్చి కింది ముఖాన విత్తనాలు చల్లినట్టు పరుచుకుంటుంది. అందువల్ల ఉదరవితానంలో గడ్డ కనిపించినప్పుడు అది ఇక్కడే పుట్టిందని చెప్పే ముందు మరెక్కడి నుంచీ రాలేదని రూఢి చేసుకోవాలి.

లక్షణాలు ఇచ్చే ఆధారం తక్కువ. చిన్న కణితులు చాలావరకు వేరే పనికి తీసిన ఎక్స్‌రేలోనో స్కానులోనో అనుకోకుండా బయటపడతాయి. పెద్దవయ్యాక పక్కటెముకల కింద నొప్పి, దగ్గు, ఆయాసం, ఎక్కిళ్ళు, తిన్నది పైకి ఎగదన్నడం వంటివి రావచ్చు. వీటిలో భుజం నొప్పి గురించి ప్రత్యేకంగా చెప్పుకోవాలి. ఉదరవితానాన్ని నడిపే ఫ్రీనిక్ నాడి మెడలోని 3, 4, 5 వెన్ను నాడుల నుంచి పుట్టి గుండె పక్కగా కిందికి దిగుతుంది. భుజం మీది చర్మపు స్పర్శ కూడా మెడలో అదే చోటికి చేరుతుంది కాబట్టి పటలం నడిభాగంలో రగిలే నొప్పి భుజంలో ఉన్నట్టు అనిపిస్తుంది. అంచు భాగపు స్పర్శను మాత్రం పక్కటెముకల మధ్య నాడులు మోసుకుపోతాయి, అందుచేత అక్కడి నొప్పి డొక్కలోనే తెలుస్తుంది. భుజానికి నెలల తరబడి తైలాలు రాయించుకుని, చివరికి ఛాతీ స్కానులో అసలు సంగతి బయటపడే రోగులు ఉండటానికి కారణం ఇదే. నాడి తొడుగు నుంచి పుట్టిన కణితుల్లో కొందరికి వేళ్ళ కొసలు ఉబ్బి కీళ్ళు నొప్పి పుట్టడం కూడా నమోదైంది.

ఎక్స్‌రేలో ఒక వైపు గుమ్మటం ఎత్తుగా కనబడితే దానికి కణితి కన్నా మామూలు కారణాలు చాలా ఉంటాయి. పటలం కండరం పలచబడి పైకి ఉబ్బే ఈవెంట్రేషన్, నాడి చచ్చుబడటం, కాలేయంలో చీము గడ్డ అలాంటివే. వెనక వైపు పుట్టుకతో మిగిలిన రంధ్రం గుండా కొవ్వు పైకి జారే బోచ్‌డాలెక్ హెర్నియా అచ్చం లైపోమాలా కనిపిస్తుంది. తెలుగు ప్రాంతాల వైద్యులు ఈ జాబితాలో ఇంకో రెండింటిని చేర్చుకోవాలి. కుక్కలు, గొర్రెల మధ్య తిరిగే పురుగు వల్ల మనుషుల్లో ఏర్పడే హైడాటిడ్ తిత్తి మన శస్త్రవైద్యులకు కొత్తది కాదు, అది కాలేయం నుంచి ఉదరవితానం దాకా వచ్చి కణితిలా భ్రమింపజేయగలదు. ఛాతీలో నీరు చేరిందనగానే క్షయ అనుకుని మందులు మొదలుపెట్టే అలవాటు రెండోది. మన దేశంలో క్షయ ఎంత ఎక్కువో చూస్తే ఆ అనుమానాన్ని తప్పు పట్టలేం కానీ, నీరు ఎర్రగా ఉన్నా, మందులు వాడుతున్నా మళ్ళీ మళ్ళీ చేరుతున్నా, దాని అడుగున ఏముందో స్కానులో చూడకుండా నెలలు గడపడం సరికాదు.

గడ్డ ఏ వాటాదో చెప్పడానికి సీటీ స్కాను మొదటి ఆధారం. ఒకప్పుడు శరీరాన్ని అడ్డంగా కోసినట్టు చూపే చిత్రాలే ఉండేవి. గుమ్మటాన్ని అడ్డంగా కోస్తే ఒక వలయమే కనబడుతుంది గానీ గడ్డ దాని పైన ఉందో కింద ఉందో తెలియదు. ఇప్పటి యంత్రాలు అదే సమాచారాన్ని నిలువు కోతలుగా మార్చి చూపడంతో గుమ్మటపు గీత ఎక్కడ తెగిందో, ఎక్కడ ఒరిగిందో కనిపెట్టడం సులువైంది. కొవ్వు, నీరు, రక్తం, కండరం మధ్య తేడాను ఎం.ఆర్.ఐ. ఇంకా బాగా చెబుతుంది. అల్ట్రాసౌండు చవకదే అయినా ఇక్కడ దానికొక సుగుణం ఉంది: రోగిని ఊపిరి తీయమని చెప్పి, గడ్డ కాలేయంతో పాటు జారుతోందా, పటలానికి అంటుకుని దానితోనే కదులుతోందా అని కంటితో చూడవచ్చు. రక్తం ఎక్కడి నుంచి వస్తోందన్నది కూడా ఒక జాడే. మహాధమని నుంచి గానీ, పొట్టలో అది ఇచ్చే మొదటి పెద్ద శాఖ నుంచి గానీ పుట్టే ఇన్ఫీరియర్ ఫ్రీనిక్ ధమనులు పెద్దవై గడ్డలోకి వెళ్తుంటే ఉదరవితానం మీద అనుమానం పెరుగుతుంది. అయితే కాలేయపు ఉపరితలం మీది క్యాన్సర్లు కూడా అవే ధమనుల నుంచి రక్తాన్ని లాక్కోగలవు కాబట్టి ఆ ఒక్క జాడతో తీర్పు చెప్పలేం. ఇన్ని పరీక్షలు చేసినా కొందరిలో కాలేయపు కణితి అనుకుని లోపలికి వెళ్ళిన శస్త్రవైద్యుడికి అది ఉదరవితానానిదని ఆపరేషన్ బల్ల దగ్గరే తెలుస్తుంది.

ముందుగా సూదితో ముక్క తీయాలా వద్దా అన్న దాని మీద భిన్నాభిప్రాయాలున్నాయి. స్కానులో శుద్ధమైన కొవ్వుగానో, నీటి తిత్తిగానో కనిపించే గడ్డకు బయాప్సీ అక్కర్లేదు. హైడాటిడ్ అనుమానం ఉంటే సూది పొడవడమే ప్రమాదం, ఎందుకంటే తిత్తిలోని ద్రవం చిందితే తీవ్రమైన అలర్జీ రావచ్చు, పురుగు కొత్త చోట్లకు పాకవచ్చు. గట్టి కణజాలం ఉన్న గడ్డ సార్కోమా కావచ్చనిపిస్తే మాత్రం, కత్తి పట్టే ముందు దాని జాతి తెలుసుకోవడం మంచిదని నా అభిప్రాయం. కొన్ని జాతులకు మందులో రేడియేషనో ముందు ఇచ్చి తర్వాత కోయడం మేలు, ఆ సంగతి తీసేశాక తెలిసి ప్రయోజనం లేదు. సూది దారి వెంట కణాలు రాలకుండా, తర్వాత తీసేయబోయే భాగంలోంచే ఆ దారి వెళ్ళేలా చూసుకోవాలి కాబట్టి, సూది ఎక్కడ గుచ్చాలో ఆపరేషన్ చేయబోయే వైద్యుడూ రేడియాలజిస్టూ కలిసి నిర్ణయించాలి.

అన్ని కణితులనూ తీయనక్కర్లేదు. ఏ బాధా పెట్టని, చిన్నదైన, లోపలంతా ఒకే తీరుగా కొవ్వు ఉన్న లైపోమాను కొన్ని నెలలకొకసారి స్కానుతో గమనిస్తూ వదిలేయవచ్చు. అందులో మందమైన గోడలు, కొవ్వు కాని ముద్దలు కనిపించినా, అది పెరుగుతున్నా లైపోసార్కోమా కాదని చెప్పలేం, అప్పుడు తీయడమే సరైనది. డెస్మాయిడ్ అనే తంతు కణితి విషయంలో ఇటీవలి కాలంలో ధోరణి మారింది. ఒంట్లో ఎక్కడ వచ్చినా దాన్ని వెంటనే కోయకుండా కొంతకాలం గమనించడమే ఇప్పుడు మొదటి మెట్టు, ఎందుకంటే కొన్ని వాటంతట అవే ఆగిపోతాయి, కోసినవి కొన్ని తిరిగి వస్తాయి.

తీయాలని నిర్ణయించాక శస్త్రవైద్యుడి మనసులో మొదట మెదిలేది కణితి కన్నా ముందు నాడి. ఫ్రీనిక్ నాడి కుడివైపు, ఒంటి కింది భాగపు రక్తాన్ని గుండెకు చేర్చే అధోబృహత్సిర పక్కన, ఎడమవైపు గుండె అంచు పక్కన పటలాన్ని చేరి, అక్కడి నుంచి ముందుకూ, పక్కకూ, వెనక్కూ శాఖలుగా చీలి కండరం లోపల చక్రపు ఆకుల్లా వ్యాపిస్తుంది. 1956లో అమెరికన్ శస్త్రవైద్యుడు మెరెండినో, అతని సహచరులు ఈ శాఖల పటాన్ని వివరంగా గీసి, ఏ కోత ఎంత భాగాన్ని చచ్చుబడేలా చేస్తుందో చూపించారు. కేంద్రం నుంచి అంచుకు నిలువుగా కోస్తే శాఖలు తెగి ఆ వైపు పటలం పనిచేయకుండా పోతుంది. పక్కటెముకలకు రెండు మూడు సెంటీమీటర్ల దూరంలో అంచు వెంబడి వంపుగా కోస్తే శాఖలు చాలావరకు మిగులుతాయి. అందుకే విశాలమైన ఆపరేషన్లలో ఉదరవితానాన్ని తెరవవలసి వస్తే అంచు వెంబడి కోయడం ఆనవాయితీ అయింది. తిరిగి కలిపేటప్పుడు అంచులు తప్పుగా అతుక్కోకుండా కోత పొడవునా అక్కడక్కడా గుర్తు కుట్లు వేసి పెట్టుకునే వైద్యులున్నారు; కుట్టుపనిలో రెండు గుడ్డలను కలిపే ముందు పిన్నులు పెట్టుకోవడం లాంటిదే ఇది. కణితి సరిగ్గా నాడి చేరే చోటే ఉంటే ఈ నేర్పంతా అక్కరకు రాదు. నాడిని వదులుకోవాల్సిందే, ఆ విషయం రోగికి ముందే చెప్పాలి.

ఏ వాటా నుంచి లోపలికి వెళ్ళాలన్నది తర్వాతి ప్రశ్న. కుడివైపు కాలేయం అడ్డుగా ఉండటం వల్ల పటలం వెనక భాగం పొట్ట వైపు నుంచి సరిగా కనిపించదు, కాబట్టి అక్కడి కణితికి పక్కటెముకల మధ్య నుంచి ఛాతీలోకి వెళ్ళడం అనుకూలం. అండాశయ క్యాన్సరులోలా పొట్టంతా చూడవలసి వచ్చినప్పుడు మధ్యలో నిలువు కోతే దారి. కాలేయాన్ని పట్టి ఉంచే పొరల బంధాలను విడదీసి దాన్ని ఎడమవైపుకు తిప్పితే కుడి గుమ్మటం కింది ముఖం బయటపడుతుంది. రెండు వైపులకూ పాకిన పెద్ద సార్కోమాకు ఛాతీని, పొట్టను కలిపి తెరిచే కోత అవసరమవుతుంది, దాని నొప్పీ, కోలుకునే కాలమూ ఎక్కువ. చిన్న లైపోమాలకు, తిత్తులకు థొరకోస్కోపీ లేదా లాప్రోస్కోపీ, అంటే కీహోల్ పద్ధతి సరిపోతుంది. లాప్రోస్కోపీలో ఒక మెలకువ ఉంది: పొట్టను ఉబ్బించడానికి నింపిన కార్బన్ డయాక్సైడ్, పటలం తెరుచుకున్న క్షణంలో ఛాతీలోకి చొరబడి ఊపిరితిత్తిని నొక్కేస్తుంది, రక్తపోటు పడిపోతుంది. మత్తు వైద్యుడు ఆ క్షణం కోసం ముందే సిద్ధంగా ఉండి, గ్యాసు ఒత్తిడి తగ్గించమని చెప్పడం, ఛాతీలో గొట్టం వేయించడం వంటివి వెంటనే జరగాలి. ఛాతీ వైపు నుంచి చేసే ఆపరేషన్లలో రెండు దారులున్న శ్వాస గొట్టం వేసి ఒక ఊపిరితిత్తికి విశ్రాంతి ఇచ్చి, రెండోదానితో నడిపిస్తారు.

నిరపాయకరమైన కణితికి దాని చుట్టూ సన్నని అంచు చాలు. సార్కోమాకు అది చాలదు; కణితిని కళ్ళారా చూడకుండా, దాని చుట్టూ ఆరోగ్యంగా ఉన్న కణజాలపు పొరతో సహా ఒకే ముక్కగా తీయాలన్నది ఒంట్లో ఎక్కడైనా సార్కోమా శస్త్రచికిత్సలో మూలసూత్రం. ఉదరవితానపు మందం కొద్ది మిల్లీమీటర్లే కాబట్టి పక్కకు ఎంత దూరం పోయినా పైకీ కిందికీ ఆ పొర దొరకదు. అందువల్ల కణితి ఆనుకున్న ఊపిరితిత్తి ముక్కనో, కాలేయపు అంచునో, గుండె పొర భాగాన్నో, ఒకటి రెండు పక్కటెముకలనో దానితో కలిపి తీయవలసి రావచ్చు. నిజంగా అతుక్కుందా, వాపుతో ఊరికే అంటుకుందా అన్నది బల్ల మీద తేల్చుకోవడానికి వేలితో విడదీసి చూడాలని ఎవరికైనా అనిపిస్తుంది. అలా విడదీసినప్పుడే కణితి చిట్లి కణాలు రాలే ప్రమాదం ఉంది. కాలేయపు క్యాన్సర్లు ఉదరవితానానికి అంటుకున్నప్పుడు కూడా ఇదే ప్రశ్న వస్తుంది. తీసిన ముక్కను సూక్ష్మదర్శిని కింద చూస్తే వాటిలో చాలావాటిలో క్యాన్సర్ పటలంలోకి దిగలేదని, వాపు మాత్రమేనని తేలుతుంది. అయినా విడదీయకుండా పటలం ముక్కతో కలిపి తీయడాన్నే ఎక్కువ మంది శస్త్రవైద్యులు ఎంచుకుంటారు.

ఇక పూడ్చడం. ఉదరవితానం బాగా సాగుతుంది కాబట్టి చిన్న ఖాళీలను అంచులు దగ్గరకు లాగి నేరుగా కుట్టేయవచ్చు. కరగని దారంతో, విడివిడి కుట్లు, అవసరమైతే దారం కండరాన్ని కోయకుండా చిన్న మెత్త ముక్కల మీద ముడి వేస్తూ కుడతారు. అంచులు లాగినట్టు బిగుతుగా ఉంటే ఆ కుట్టు నిలవదు; దగ్గినప్పుడల్లా పొట్టలోని ఒత్తిడి దాన్ని పైకి తోస్తూనే ఉంటుంది, ఒకనాటికి విడిపోయి పేగు ఛాతీలోకి జారుతుంది. అంచు దగ్గరి ఖాళీకి మరో ఉపాయం ఉంది. మిగిలిన పటలాన్ని పాత చోటికి లాగకుండా ఒకటి రెండు పక్కటెముకల పైకి జరిపి, దారాన్ని పక్కటెముక చుట్టూ తిప్పి కట్టేయవచ్చు. ఛాతీ లోపలి చోటు కొంత తగ్గుతుంది, దాన్ని చాలామంది తట్టుకుంటారు.

పెద్ద ఖాళీకి అతుకు కావాలి. ఎక్కువగా వాడేది పీటీఎఫ్ఈ అనే పలక, గోర్‌టెక్స్ పేరుతో చాలామందికి తెలిసినది. అది నీటిని వదలదు, పేగులు దానికి అంటుకోవు, రెండు మిల్లీమీటర్ల మందంలో తగినంత బలంగా ఉంటుంది. పాలీప్రొపిలీన్ వల చవక, కణజాలం అందులోకి అల్లుకుపోయి గట్టిగా నిలుస్తుంది కానీ, పేగులు కూడా దానికే అల్లుకుంటాయి, పైగా దాని కన్నాల గుండా పొట్టలోని నీరు ఛాతీలోకి ఊరుతుంది. కృత్రిమమైన ఏ అతుకుకైనా క్రిములు పడితే చాలాసార్లు దాన్ని తీసేయక తప్పదు. అందుకే పేగునో జీర్ణాశయాన్నో తెరిచిన ఆపరేషన్లో ఆవు గుండె పొర నుంచి తయారుచేసిన అతుకుల వంటివాటిని గానీ, రోగి సొంత కండరాన్ని గానీ వాడటం క్షేమం. వీపు మీది వెడల్పాటి లాటిసిమస్ డోర్సై కండరాన్ని రక్తనాళాలతో సహా తిప్పి లోపలికి తేవడం, తొడ పక్కన ఉండే గట్టి పొరను కోసి తెచ్చి కుట్టడం ఇందులో పాత పద్ధతులు.

అతుకును ఎంత బిగుతుగా కుట్టాలన్న దాంట్లోనే అసలు పనితనం ఉంది. వదులుగా ఉంటే ఊపిరి తీసుకున్నప్పుడు ఛాతీలోని తక్కువ ఒత్తిడికి అది కిందికి దిగవలసింది పోయి పైకి లేస్తుంది, ఊపిరితిత్తి విచ్చుకోదు, గాలి వృథాగా అటూ ఇటూ ఊగుతుంది. కాబట్టి అది డప్పు తోలులా చదునుగా నిలబడేలా కుడతారు. అది కండరం కాదు, కదలదు. కదలకుండా ఉండటమే దాని నుంచి ఆశించదగ్గ మేలు. నడిభాగంలో మాత్రం ఈ బిగువుకు హద్దుంది. అధోబృహత్సిర వెళ్ళే రంధ్రం దగ్గర ఎక్కువ లాగితే గుండెకు తిరిగి వచ్చే రక్తం తగ్గి రక్తపోటు పడిపోతుంది, అన్నవాహిక దగ్గర లాగితే మింగడం కష్టమవుతుంది. అతుకును బిగించడానికి లాప్రోస్కోపీలో వాడే స్ప్రింగు లాంటి లోహపు ట్యాకర్లు మరో ప్రమాదం. గుండెకు నేల అయిన ఈ కాస్త చోట వాటిని దింపితే కొన గుండె కండరానికో రక్తనాళానికో తగిలి, గుండె పొరలో రక్తం చేరి ప్రాణం పోయిన సంఘటనలు హెర్నియా ఆపరేషన్లలో నమోదయ్యాయి. అక్కడ చేతి కుట్టే శ్రేయస్కరం.

కుడివైపు కాలేయం స్వయంగా అడ్డుగోడలా నిలుస్తుంది కాబట్టి చిన్న లోపాలు అక్కడ అంతగా బాధించవు. ఎడమవైపు జీర్ణాశయం, పేగులు ఏ చిన్న సందు దొరికినా పైకి జొరబడతాయి. ఊపిరితిత్తుల పొరలో పుట్టే మీసోథీలియోమా అనే క్యాన్సరుకు ఊపిరితిత్తినీ, పొరనూ, ఉదరవితానాన్నీ కలిపి తీసే భారీ ఆపరేషన్లలో ఎడమవైపు అతుకు ఊడి జీర్ణాశయం ఛాతీలోకి వెళ్ళిపోవడం బాగా తెలిసిన ఉపద్రవం. అతుకుల గురించి ఇప్పుడున్న అవగాహనలో చాలా భాగం ఆ ఆపరేషన్ల నుంచే వచ్చింది.

పిల్లల సంగతి వేరు. పసివాళ్ళ పక్కటెముకలు దాదాపు అడ్డంగా, మెత్తగా ఉండి ఛాతీని పెద్దగా విప్పలేవు కాబట్టి వాళ్ళ శ్వాస ఇంచుమించు పూర్తిగా ఉదరవితానం మీదే నడుస్తుంది. రాబ్డోమయోసార్కోమా మందులకు బాగా లొంగుతుంది, అందుచేత బయాప్సీతో రూఢి చేసుకుని, విన్‌క్రిస్టిన్, ఆక్టినోమైసిన్, సైక్లోఫాస్ఫమైడ్ వంటి మందులతో ముందు కుదించి, మిగిలినదాన్ని తర్వాత తీయడం నేటి పద్ధతి. అవసరమైతే రేడియేషన్ తోడవుతుంది. మొదటి రోజే కత్తి పట్టి సగం పటలాన్ని తీసేయడం కన్నా ఇది ఎంతో మేలు. కృత్రిమ అతుకు బిడ్డతో పాటు పెరగదు. ఏళ్ళు గడిచేకొద్దీ అది ఒక వైపు లాగి హెర్నియాకో, ఛాతీ వంకర పోవడానికో దారి తీయవచ్చని పుట్టుకతో వచ్చే ఉదరవితానపు హెర్నియాల అనుభవం చెబుతుంది.

పాకి వచ్చిన క్యాన్సర్లలో రెండింటి గురించి విడిగా చెప్పుకోవాలి. ఊపిరితిత్తి క్యాన్సర్ ఉదరవితానంలోకి దిగితే దాన్ని ఒకప్పుడు మూడో స్థాయి కణితిగా (టీ3) లెక్కించేవారు; ఇది కణితి ఎంత పాకిందన్న లెక్కే, మొత్తం జబ్బు దశ కాదు. క్యాన్సర్ ఎంత ముదిరిందో లెక్కించే టీఎన్ఎం అనే పద్ధతి 2017 నాటి ఎనిమిదో సంచికలో దాన్ని నాలుగో స్థాయికి (టీ4) మార్చింది, ఎందుకంటే ఆ రోగుల ఆయుర్దాయం మిగతా మూడో స్థాయి వారికన్నా తక్కువని తేలింది. ఇది ఆపరేషనును నిషేధించినట్టు కాదు. లింఫు గ్రంథులకు పాకనప్పుడు, మొత్తం ఒకే ముక్కగా తీయగలిగినప్పుడు చేస్తారు.

అండాశయ క్యాన్సరులో లెక్క దీనికి పూర్తిగా వేరు. పొట్టలోని ద్రవం కటి భాగం నుంచి కుడి పక్కగా ఎగబాకి కుడి గుమ్మటం కిందికి చేరుతుంది, అక్కడి పొరలోని సూక్ష్మ రంధ్రాల గుండా లింఫు నాళాల్లోకి పీల్చబడుతుంది. 1863లో జర్మన్ ప్యాథాలజిస్టు రెక్లింగ్‌హౌసెన్ కుందేలు ఉదరవితానం మీద పాల బొట్టు వేసి, కొవ్వు బిందువులు సుడులు తిరుగుతూ ఆ రంధ్రాల్లోకి పోవడం సూక్ష్మదర్శినితో చూశాడు. పాల బిందువుల్లాగే క్యాన్సర్ కణాలూ అదే దారి పట్టి అక్కడ ఆగుతాయి, కాబట్టే ఈ జబ్బులో కుడి గుమ్మటం అంత తరచుగా నిండిపోతుంది. కంటికి కనబడే క్యాన్సర్ ఏదీ మిగల్చకుండా తీయడమే ఈ ఆపరేషన్ లక్ష్యం కాబట్టి ఉదరవితానాన్ని వదిలేసి వస్తే పొట్టలో చేసిన మిగతా శ్రమకు ఫలితం తగ్గుతుంది. పొర మీదే ఉంటే ఆ పొరను తొక్కలా ఒలిచేస్తారు, కండరంలోకి దిగితే ఆ మేరకు కండరాన్నీ తీసి నేరుగా కుడతారు. కుట్టాక ఆ చోట నీళ్ళు నింపి, మత్తు వైద్యుడిని ఊపిరితిత్తిని ఉబ్బించమంటారు; సైకిల్ ట్యూబు పంక్చరు చూసినట్టే, బుడగలు వస్తే ఇంకా సందు ఉందన్నమాట.

ఆపరేషన్ తర్వాతి వారం ఊపిరిదే. ఛాతీలో నీరు చేరడం, ఊపిరితిత్తి అడుగు భాగం ముడుచుకుపోవడం, న్యుమోనియా ఎక్కువగా కనిపించే ఇబ్బందులు. నొప్పి తగ్గకపోతే రోగి లోతుగా ఊపిరి తీయడు, దగ్గడు. అందుకే వెన్నులో సన్నని గొట్టంతో ఇచ్చే నొప్పి మందు ఇక్కడ చికిత్సలో భాగమే. మూడు బంతుల పరికరంతో చేయించే అభ్యాసాన్ని బంధువులు పిల్లల ఆటలా చూస్తారు గానీ, ముడుచుకున్న ఊపిరితిత్తిని విప్పడానికి రోగి చేతిలో ఉన్న సాధనం అదే. నాడి తెగిన వైపు పటలం శాశ్వతంగా పైకి ఉబ్బి ఆయాసం తెస్తే, దాన్ని మడతలు పెట్టి కుట్టి చదును చేసే ప్లైకేషన్ అనే ఆపరేషన్ ఉంది. గుండె, ఊపిరితిత్తుల జబ్బు లేని మనిషి ఒక వైపు పటలం లేకపోయినా మామూలు పనులు చేసుకోగలడు. మెట్లెక్కేటప్పుడు, పడుకున్నప్పుడు మాత్రం తేడా తెలుస్తుంది.

ఒకే వైద్యుడి చేతిలో ఇది పూర్తయ్యే పని కాదు. ఛాతీ శస్త్రవైద్యుడు, పొట్ట శస్త్రవైద్యుడు, ఆంకాలజిస్టు, రేడియాలజిస్టు, ప్యాథాలజిస్టు కలిసి కూర్చునే ట్యూమర్ బోర్డు ఉన్నచోట చేయించుకోవడం మంచిది. హైదరాబాదులో ఎం.ఎన్.జె., విశాఖపట్నంలో హోమీ భాభా క్యాన్సర్ ఆసుపత్రి ప్రభుత్వ రంగంలో క్యాన్సర్ చికిత్సకే ఏర్పడినవి. సార్కోమా ఏ జాతిదన్న దాని మీద చికిత్సంతా ఆధారపడుతుంది కాబట్టి బయాప్సీ గాజు పలకలను అనుభవమున్న మరో ప్యాథాలజిస్టుకు చూపించమని అడగడానికి రోగి మొహమాటపడనక్కర్లేదు.

ఆపరేషన్ అయ్యాక ఏళ్ళ తరబడి స్కానులు తీస్తూనే ఉండాలి, సార్కోమా తిరిగి రావడం మొదటి కొన్నేళ్ళలోనే ఎక్కువ. పీటీఎఫ్ఈ అతుకు సీటీ స్కానులో తెల్లగా మెరిసే మందమైన గీతలా కనిపిస్తుంది. వెనకటి కథ తెలియని రేడియాలజిస్టు దాన్ని గట్టిపడిన పొర అనో, తిరిగి వచ్చిన కణితి అనో రాసే వీలుంది. కాబట్టి ఏ వైపు, ఎంత భాగం తీశారో, నాడి మిగిలిందో లేదో, దేనితో పూడ్చారో స్పష్టంగా ఉన్న ఆపరేషన్ నోటు నకలు ఇంటికి వెళ్ళే రోజునే అడిగి తీసుకుని, తర్వాత తీయించే ప్రతి స్కానుకూ దాన్ని వెంట తీసుకెళ్ళాలి.